కొండకి వెళ్ళే ముందు సంచిలో ఏం సర్దుకోవాలి?

పిల్లలూ, బడికి వేసవి సెలవులు ఇవ్వగానే మన తెలుగు కుటుంబాల్లో చాలామంది హైకింగ్‌కి బయల్దేరతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇండియా నుంచి అమ్మమ్మ, తాతయ్య, నానమ్మ కూడా వస్తారు. వాళ్ళనీ తీసుకెళ్దాం అనుకుంటాం. కారు డిక్కీ నిండా పులిహోర, చిప్స్, చాపలు, నీళ్ళ కేసు అన్నీ ఉంటాయి. కానీ కారు పార్కింగ్ దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి మన వీపు మీద ఉన్నదే మనకి ఆధారం. ఆ సంచిలో ఏం ఉండాలి, ఎందుకు ఉండాలి అన్నదే ఈ పాఠం.

ఈ పాఠం అయ్యేసరికి మీరు మూడు పనులు చేయగలగాలి. ఒకటి, పది ముఖ్యమైన వస్తువుల పేర్లు తెలుగులో చెప్పగలగాలి. రెండు, ఒక్కో వస్తువు ఎందుకు కావాలో కారణం చెప్పగలగాలి. మూడు, ఇంట్లో పెద్దవాళ్ళు "ఇదంతా ఎందుకురా, గంటలో వచ్చేస్తాం కదా" అంటే మర్యాదగా జవాబు చెప్పగలగాలి. మూడోదే కొంచెం కష్టం!

అలిపిరి మెట్లు వేరు, ఇక్కడి ట్రైల్ వేరు

మన పెద్దవాళ్ళకి కొండ ఎక్కడం కొత్తేమీ కాదు. తిరుపతిలో అలిపిరి నుంచి తిరుమలకి సుమారు 3,550 మెట్లు ఉంటాయి. లక్షలమంది ఆ మెట్లు ఎక్కుతారు. చాలామంది చెప్పులు కూడా లేకుండా, చేతిలో ఒక చిన్న సంచితో ఎక్కేస్తారు. అందుకే తాతయ్యకి "కొండకి వెళ్ళడానికి ఇంత సామానా?" అనిపించడం సహజం.

కానీ ఆలోచించండి. ఆ మెట్ల దారిలో మంచినీళ్ళ కుళాయిలు ఉంటాయి. కొట్లు ఉంటాయి. దీపాలు ఉంటాయి. ఎండ పడకుండా చాలా దూరం కప్పు ఉంటుంది. ముందూ వెనకా మనుషులు ఉంటారు. దారి తప్పడం అనే మాటే లేదు, మెట్లే దారి. అంటే మనం మోయాల్సిన సామానంతా అక్కడ దారే మోస్తోంది. అయినా అదీ అడవే. 2023లో ఆ దారిలో చిరుత దాడులు జరిగాక తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్ళు నడిచి వెళ్ళే భక్తులకి చేతికర్రలు ఇచ్చారు. దారి మారితే చేతిలో ఉండాల్సిన వస్తువు కూడా మారుతుంది.

అమెరికాలో చాలా ట్రైల్స్‌లో కుళాయి ఉండదు, కొట్టు ఉండదు, దీపం ఉండదు. చాలాచోట్ల ఫోన్‌కి సిగ్నల్ కూడా ఉండదు. అడవిని అడవిలాగే ఉంచాలని ఇక్కడ కావాలనే అలా వదిలేస్తారు. కాబట్టి అక్కడ దారి ఇచ్చేవన్నీ ఇక్కడ మన సంచి ఇవ్వాలి. తాతయ్యకి చెప్పాల్సిన మొదటి జవాబు ఇదే.

పది వస్తువుల జాబితా ఎక్కడ పుట్టింది?

వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటెల్‌లో 1906లో 'ది మౌంటెనీర్స్' అనే సంఘం మొదలైంది. 1930ల్లో వాళ్ళు కొండలు ఎక్కడం నేర్పే తరగతులు పెట్టారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఏ వస్తువులు లేకుండా అడవిలోకి వెళ్ళకూడదో అక్కడ నేర్పేవారు. తర్వాత 1974లో వాళ్ళ పాఠ్యపుస్తకం మూడో ముద్రణలో ఆ జాబితా అచ్చయింది. దాన్నే 'టెన్ ఎసెన్షియల్స్' అంటారు. మనం 'పది అవసరాలు' అనుకుందాం. ఇప్పుడు నేషనల్ పార్క్ సర్వీస్ కూడా పార్కులకి వచ్చేవాళ్ళకి ఈ పదే చెబుతుంది.

పాత జాబితాలో మ్యాపు, దిక్సూచి, అగ్గిపెట్టె, కత్తి ఇలా విడివిడి వస్తువులు ఉండేవి. 2003లో వచ్చిన ముద్రణలో దాన్ని మార్చారు. వస్తువు పేరు కాకుండా అవసరం పేరు రాశారు. 'మ్యాపు' అని కాకుండా 'దారి తెలుసుకోవడం', 'స్వెటర్' అని కాకుండా 'వెచ్చదనం' అన్నమాట. దీనివల్ల మనకి పెద్ద లాభం ఉంది. ఎలాగంటే, అవసరం ఒక్కటే అయినా వస్తువు ఊరినిబట్టి, కాలాన్నిబట్టి మారవచ్చు. అరిజోనాలో ఒకటి, అలాస్కాలో ఒకటి.

ఈ జాబితా వెనక రెండే రెండు ప్రశ్నలు ఉన్నాయి. దారిలో ఎవరికైనా దెబ్బ తగిలితే మన దగ్గర ఉన్నదానితో సంబాళించుకోగలమా? అనుకోకుండా ఒక రాత్రి బయట ఉండిపోవాల్సి వస్తే క్షేమంగా తెల్లవారేదాకా ఉండగలమా? సంచి సర్దేటప్పుడు ప్రతి వస్తువునీ ఈ రెండు ప్రశ్నలతో కొలవండి.

పది అవసరాలు ఒక్కొక్కటిగా

1. దారి తెలుసుకోవడం. ట్రైల్ మ్యాపు, దిక్సూచి, ఫోన్. ఫోన్‌లో మ్యాపు ఇంట్లో వైఫై ఉండగానే డౌన్‌లోడ్ చేసుకోవాలి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పని చేస్తుంది, ఎందుకంటే అది ఉపగ్రహాల నుంచి వస్తుంది. కానీ మ్యాపు బొమ్మ ముందే ఫోన్‌లో లేకపోతే తెల్లటి తెర మీద ఒక నీలం చుక్క మాత్రమే కనిపిస్తుంది. కొండ మీద ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే సిగ్నల్ కోసం వెతికి వెతికి బ్యాటరీ అయిపోతుంది. చలికి కూడా బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, అందుకే ఫోన్‌ని లోపలి జేబులో పెట్టుకోవాలి. కాగితం మ్యాపుకి బ్యాటరీ అక్కర్లేదు కదా, అదీ ఒకటి ఉండనివ్వండి.

2. ఎండ నుంచి రక్షణ. టోపీ, చలవ కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్. "మనది చామనఛాయ, మనకెందుకు సన్‌స్క్రీన్" అని ఇంట్లో అంటారు. ముదురు రంగు చర్మానికి కొంత రక్షణ ఉన్న మాట నిజమే, కానీ పూర్తిగా లేదు. మన చర్మం కూడా కమిలిపోతుంది. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నది రాసుకుని, రెండు గంటలకోసారి మళ్ళీ రాసుకోవాలి. మంచు మీద నడిచేటప్పుడు ఇంకా జాగ్రత్త. కొత్తగా పడిన మంచు, ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి మన ముఖం మీదకే కొడుతుంది. అందుకే కళ్ళద్దాలు సోకు కోసం కాదు, కళ్ళ కోసం.

3. వెచ్చదనం, అంటే అదనపు బట్టలు. వెయ్యి అడుగులు పైకి వెళ్తే సుమారు 3 నుంచి 5 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుంది. మౌంట్ రెయినీర్ పార్కులో 'పారడైజ్' అనే చోటు 5,400 అడుగుల ఎత్తులో ఉంది. సియాటెల్‌లో 75 డిగ్రీలు ఉన్న రోజున అక్కడ 50ల్లో ఉండొచ్చు. జూన్ నెలలో కూడా అక్కడ నేలంతా మంచే ఉంటుంది.

ఇక్కడ నూలు బట్ట గురించి చెప్పాలి. మన ఊళ్ళో ఎండాకాలంలో మంగళగిరి నూలు, పొందూరు ఖద్దరు కట్టుకుంటే ప్రాణానికి హాయి. కారణం ఏమిటంటే, నూలు చెమటని పీల్చుకుని తడిగా ఉంటుంది, ఆ తడి ఆరుతున్నప్పుడు ఒళ్ళు చల్లబడుతుంది. అదే గుణం చలి కొండ మీద శత్రువు అవుతుంది. నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. తడిసిన జీన్స్, తడిసిన టీషర్టు ఒంటికి అంటుకుని ఉంటే 50 డిగ్రీల వాతావరణంలో కూడా ఒళ్ళు ప్రమాదకరంగా చల్లబడిపోవచ్చు. అందుకని చలి చోట్లకి ఉన్ని బట్టలో, త్వరగా ఆరే పాలిస్టర్ బట్టలో వేసుకోవాలి. లోపల పల్చటి పొర, మధ్యలో వెచ్చటి పొర, పైన వాననీ గాలినీ ఆపే పొర, ఇలా మూడు పొరలు. చెమట పట్టకముందే ఒక పొర తీసెయ్యాలి, చలి వేయకముందే ఒక పొర వేసుకోవాలి.

4. వెలుతురు. తలకి పెట్టుకునే లైటు అన్నిటికన్నా మంచిది, చేతులు ఖాళీగా ఉంటాయి. ఫోన్ లైటు చాలదా అంటారు. ఫోనే మ్యాపు, ఫోనే కెమెరా, సాయం కోసం పిలిచేదీ ఫోనే. దాన్నే దీపంగా కూడా వాడితే అన్నీ ఒకేసారి ఆరిపోతాయి. దట్టమైన చెట్ల మధ్య సూర్యాస్తమయానికి ముందే చీకటి పడుతుందని గుర్తు పెట్టుకోండి.

5. ప్రథమ చికిత్స. బ్యాండేజీలు, శుభ్రమైన గుడ్డ, టేపు, నొప్పి మాత్రలు, కాళ్ళ బొబ్బలకి అంటించే మెత్తటి పట్టీలు. అన్నిటికన్నా ముఖ్యం, వచ్చేవాళ్ళ సొంత మందులు. తాతయ్య షుగర్ మాత్రలు, నానమ్మ బీపీ మాత్రలు, మీ ఇన్‌హేలర్. మధ్యాహ్నానికి వచ్చేస్తాం కదా అని వాటిని కారులో వదలకూడదు. షుగర్ ఉన్నవాళ్ళ కోసం గ్లూకోజ్ బిళ్ళలో, నాలుగు చాక్లెట్లో చేతికి అందేలా పెట్టండి.

6. నిప్పు. లైటర్, నీళ్ళు తగలకుండా డబ్బాలో పెట్టిన అగ్గిపుల్లలు. ఇది ఆపద కోసం మాత్రమే. వేసవిలో పడమటి రాష్ట్రాల్లో అడవులు ఎండిపోయి ఉంటాయి, చాలాచోట్ల మంట వేయడం నిషేధం. మౌంట్ రెయినీర్ అడవి భాగంలో ఏ కాలంలోనూ చలిమంట వేయకూడదు. ఇది పెద్దవాళ్ళ సంచిలో ఉండాల్సిన వస్తువు.

7. మరమ్మతు సామాను. చిన్న కత్తి, గట్టి టేపు, తాడు ముక్క, పిన్నీసులు. బూటు అడుగు ఊడినా, సంచి పట్టీ తెగినా వీటితోనే ఇంటికి చేరతాం. మన అమ్మమ్మలు గాజులకి రెండు పిన్నీసులు తగిలించుకుని తిరుగుతారు చూశారా? అదే మరమ్మతు సామాను! ఒక ముఖ్యమైన హెచ్చరిక. బడి సంచినే హైకింగ్‌కి వాడితే, ఇంటికి రాగానే కత్తి, లైటర్ తీసేయాలి. పొరపాటున అవి బడికి వెళ్తే చాలా పెద్ద గొడవ అవుతుంది.

8. తిండి. ఆ రోజు తినేదానికన్నా ఒక పూట ఎక్కువ పెట్టుకోవాలి. వండక్కర్లేనిది, పాడవనిది, నలగనిది కావాలి. మన వంటింట్లో ఇలాంటివి బోలెడు ఉన్నాయి. వేరుశెనగ అచ్చు, నువ్వుండలు, ఖర్జూరాలు, వేయించిన పల్లీలు, మరమరాల ఉండలు. మధ్యాహ్నానికి పులిహోర మంచిదే. చింతపండు, నూనె, పసుపు ఉండడం వల్ల మామూలు అన్నంకన్నా ఎక్కువసేపు నిలుస్తుంది. పెరుగన్నం మాత్రం ఎండలో పులిసిపోతుంది. ఇంకో మాట, అరటి తొక్క, నారింజ తొక్క, జీడిగింజ పడినా సరే, అడవిలో వదలకూడదు. "మట్టిలో కలిసిపోతుంది కదా" అనుకోవద్దు. కలవడానికి చాలా కాలం పడుతుంది, ఈలోగా జంతువులు మనుషుల తిండికి అలవాటు పడతాయి. చెత్త కోసం ఒక ఖాళీ సంచి పెట్టుకోండి.

9. నీళ్ళు. మామూలు ఎండలో, మామూలు నడకకి గంటకి సుమారు అర లీటరు లెక్క. ఎండ ఎక్కువైనా, ఎక్కుడు ఎక్కువైనా ఇంకా కావాలి. నాలుగు గంటల నడక అంటే మనిషికి రెండు లీటర్లు. వాగులో నీళ్ళు అద్దంలా ఉన్నా నేరుగా తాగకూడదు, కంటికి కనపడని క్రిములు ఉంటాయి. ఫిల్టర్ వాడాలి, లేదా మరిగించాలి. నీళ్ళు తెర్లిన తర్వాత ఒక నిమిషం మరిగించాలి. 6,500 అడుగులు దాటితే మూడు నిమిషాలు. ఎందుకంటే ఎత్తు పెరిగేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. ఇంకోటి, గంటల తరబడి చెమట పడుతున్నప్పుడు ఉప్పు ఏమీ తినకుండా నీళ్ళే తాగుతూ ఉంటే ఒంట్లో ఉప్పు తగ్గి మనిషి పడిపోవచ్చు. మజ్జిగలో ఉప్పు వేసుకునే మన అలవాటు వెనక ఉన్న కారణం ఇదే. సంచిలో ఉప్పు పల్లీలు పెట్టుకుంటే ఆ పని అవుతుంది.

10. తలదాచుకునే చోటు. గుడారం అక్కర్లేదు. జేబులో పట్టే మెరుపు దుప్పటి ఒకటి చాలు. 1964లో నాసా అంతరిక్ష పనుల కోసం తయారుచేయించిన పల్చటి మెరుపు పొరే ఇప్పుడు కొద్ది డాలర్లకి దుప్పటిగా దొరుకుతుంది. అది ఒంటి వేడిని తిరిగి ఒంటికే పంపిస్తుంది, గాలినీ వాననీ ఆపుతుంది. ఏదీ లేకపోతే పెద్ద చెత్త సంచి ఒకటి మడిచి పెట్టుకోండి. తల బయటికి వచ్చేలా, ముఖానికి తగలకుండా చిల్లు చేసి తొడుక్కుంటే వాన నుంచి కాపాడుతుంది.

వీటికి తోడు ఒక ఈల. మూడుసార్లు ఊదితే 'సాయం కావాలి' అని అర్థం. గొంతు గంటలో బొంగురుపోతుంది, ఈల పోదు.

చెప్పులా? బూట్లా?

పది అవసరాల్లో బూట్లు లేవు, ఎందుకంటే అవి ఎలాగూ కాళ్ళకి ఉంటాయని వాళ్ళ లెక్క. మన ఇళ్ళల్లో ఆ లెక్క కుదరదు! పెద్దవాళ్ళు హవాయి చెప్పులతోనే బయల్దేరతారు. ట్రైల్ మీద గులకరాళ్ళు, చెట్ల వేళ్ళు, తడి మట్టి ఉంటాయి. ఎక్కేటప్పుడు చెప్పు బాగానే ఉంటుంది. దిగేటప్పుడు కాలు ముందుకి జారి మడమ తిరుగుతుంది.

బూట్లు కొనేటప్పుడు సాయంత్రం పూట వెళ్ళండి. రోజంతా నడిచాక పాదాలు కాస్త ఉబ్బుతాయి, కొండ మీద కూడా అలాగే ఉబ్బుతాయి. హైకింగ్‌కి వేసుకునే మేజోళ్ళతోనే వేసి చూడాలి. బొటనవేలి ముందు ఒక బొటనవేలు వెడల్పు ఖాళీ ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు గోళ్ళు నల్లబడతాయి. మడమ మాత్రం లోపల కదలకూడదు, కదిలితే బొబ్బలు వస్తాయి. కొత్త బూట్లతో నేరుగా కొండకి వెళ్ళవద్దు. ముందు వారం పది రోజులు ఇంటి చుట్టూ నడవండి. అమ్మమ్మకి చీర అలవాటైతే, కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడకుండా కొంచెం పైకి కట్టుకుని కింద బూట్లు వేసుకోవచ్చు. పంజాబీ డ్రస్ అయితే ఇంకా సుఖం.

బరువు ఎవరు మోయాలి?

ఒక్క రోజు నడకకి సంచి బరువు మన బరువులో పదో వంతు దాటకపోతే మంచిది. మీరు 80 పౌన్లు ఉంటే 8 పౌన్లు. ఒక లీటరు నీళ్ళే 2.2 పౌన్లు. కాబట్టి అన్నీ పిల్లలు మోయలేరు, మోయకూడదు కూడా. మందుల డబ్బా, ఫిల్టర్, కత్తి, లైటర్ పెద్దవాళ్ళ సంచిలో ఉంటాయి.

కానీ ఐదు వస్తువులు మాత్రం ప్రతి పిల్లవాడి దగ్గరా, ప్రతి పాప దగ్గరా సొంతంగా ఉండాలి. నీళ్ళ సీసా, జాకెట్, కాస్త తిండి, లైటు, ఈల. వీలైతే చెత్త సంచి కూడా. కారణం ఒక్కటే. మీరు తప్పిపోతే నాన్న సంచిలో ఉన్న జాకెట్ మీకు పనికిరాదు. అమెరికాలో పిల్లలకి 'హగ్ ఎ ట్రీ' అనే పాఠం చెబుతారు. తప్పిపోయామని తెలిసిన క్షణమే నడవడం ఆపేయాలి, ఒక చెట్టు దగ్గర ఆగిపోవాలి, వెచ్చగా ఉండాలి, ఈల ఊదాలి. కదలని మనిషిని వెతకడం సులువు. మిమ్మల్ని ఎవరూ తిట్టరు. వెతికేవాళ్ళు కొత్తవాళ్ళైనా మీ పేరు పిలిస్తే పలకండి.

బరువు గురించి మన తెలుగు అమ్మాయి కథ ఒకటి చెప్పుకోవాలి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ళ 11 నెలలు. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుకుంటూ, భువనగిరి రాతికొండ మీద శిక్షణ మొదలుపెట్టింది. ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా ఆమెతో పాటు ఎక్కాడు. తర్వాత పూర్ణ ఒక్కో ఖండంలో ఎత్తైన శిఖరం ఎక్కుతూ, 2022 జూన్‌లో అమెరికాలోని అలాస్కాలో ఉన్న డెనాలీ ఎక్కి ఏడూ పూర్తి చేసింది. డెనాలీ ఎత్తు 20,310 అడుగులు. ఎవరెస్ట్ మీద సామాను మోయడానికి షెర్పాలు ఉంటారు. డెనాలీ మీద అలా ఉండరు. ఎవరి సామాను వాళ్ళే వీపు మీద కొంత, మంచు మీద లాగే బండి మీద కొంత తీసుకెళ్ళాలి. అక్కడ అక్కర్లేని ఒక్క వస్తువు కూడా బరువే, కావలసిన ఒక్క వస్తువు లేకపోయినా ప్రమాదమే. సంచి సర్దడం అంటే ఈ రెండిటి మధ్య ఎంచుకోవడం.

అన్నీ కొనాలా?

అక్కర్లేదు. సియాటెల్‌లో 1938లో లాయిడ్ ఆండర్సన్, మేరీ ఆండర్సన్ అనే దంపతులు కొండలెక్కే స్నేహితులతో కలిసి ఒక సహకార సంఘం పెట్టారు. మేరీ బడిలో టీచరు. మంచి మంచుగొడ్డలి తక్కువ ధరకి దొరకక ఆస్ట్రియా నుంచి తెప్పించుకోవడంతో ఆ ఆలోచన మొదలైంది. అదే ఇప్పటి ఆర్‌ఈఐ. అందరూ కలిసి కొనుక్కుంటే ఖర్చు తగ్గుతుందన్నది వాళ్ళ లెక్క. మనమూ ఆ లెక్కే పాటించవచ్చు. వాడిన వస్తువులు తక్కువ ధరకి దొరుకుతాయి. స్నేహితుల దగ్గర అరువు తెచ్చుకోవచ్చు. కొన్ని రాష్ట్రాల్లో పబ్లిక్ లైబ్రరీలో స్టేట్ పార్కు పాసు కూడా పుస్తకంలాగా అరువిస్తారు.

డబ్బు పెట్టాల్సింది ముందు బూట్లకి, తర్వాత వాన జాకెట్‌కి. నీళ్ళకి పాత సోడా సీసాలు చాలు. ఉన్ని టోపీ ఎలాగూ ఇంట్లో ఉంటుంది. పెరిగే పిల్లలకి ఖరీదైన బూట్లు ఎందుకు అంటే అదీ నిజమే. చిన్న ట్రైల్స్‌కి అడుగు అరగని మామూలు స్పోర్ట్స్ షూస్ సరిపోతాయి.

చోటుని బట్టి సంచి

సియాటెల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు ఎక్కువగా వెళ్ళే ట్రైల్ 'రాటిల్‌స్నేక్ లెడ్జ్'. నార్త్ బెండ్ దగ్గర ఉంది. వెయ్యి అడుగులకి పైగా ఎక్కాలి. జూలైలో వెళ్తే నీళ్ళు, టోపీ, తిండి ముఖ్యం. పది అవసరాలూ ఉండాలి కానీ చిన్నవి చాలు. పక్కనే ఉన్న మౌంట్ సై అయితే 3,000 అడుగులకి పైగా ఎక్కాలి, రానుపోను సుమారు ఎనిమిది మైళ్ళు. ఊరు ఒక్కటే, కానీ సంచి ఒక్కటి కాదు. నీళ్ళు రెట్టింపు కావాలి, లైటు తప్పనిసరి.

అరిజోనాలో గ్రాండ్ కాన్యన్ ఇంకో రకం. అక్కడ ముందు దిగుతాం, తర్వాత ఎక్కుతాం. దిగడం సుఖంగా ఉండడంతో ఎంత దూరం వచ్చామో తెలియదు. పైన చల్లగా ఉన్నా లోపలికి వెళ్ళేకొద్దీ వేడి పెరుగుతుంది, వేసవిలో అడుగున 100 డిగ్రీలు దాటుతుంది. దిగినదానికి దాదాపు రెట్టింపు సమయం ఎక్కడానికి పడుతుంది. అందుకే వేసవిలో పొద్దున 10 నుంచి సాయంత్రం 4 దాకా లోపల నడవద్దని పార్కువాళ్ళు చెబుతారు. ఇక్కడ నూలు చొక్కాని తడిపి వేసుకుంటే మేలు చేస్తుంది. చూశారా, చలికొండ మీద వద్దన్న నూలు ఇక్కడ మిత్రుడు అయింది.

సంచిలో పట్టనివి రెండు

మొదటిది కబురు. ఎక్కడికి వెళ్తున్నాం, ఏ ట్రైల్, ఎన్ని గంటలకి తిరిగి వస్తాం, రాకపోతే ఎప్పుడు ఫోన్ చేయాలి, ఈ నాలుగూ ఇంటి దగ్గర ఉండే ఒకరికి రాసి ఇవ్వాలి. సిగ్నల్ లేనిచోట మన తరఫున 911కి ఫోన్ చేసేది వాళ్ళే.

రెండోది తిరిగే గడియ. "ఒంటిగంటకి ఎక్కడ ఉంటే అక్కడి నుంచి వెనక్కి" అని బయల్దేరేటప్పుడే అనుకోవాలి. శిఖరం పది నిమిషాల దూరంలో ఉన్నా తిరగాలి. తాతయ్యకి ఆయాసం వస్తే ఇంకా ముందే తిరగాలి. అందరిలో నెమ్మదిగా నడిచేవాళ్ళ అడుగే అందరి అడుగు.

భాష చూద్దాం

ఇంగ్లీషులో ఒంటి మీద ఉండేవాటన్నిటికీ ఒకే మాట సరిపోతుంది. తెలుగులో అలా కాదు, వస్తువుని బట్టి క్రియ మారుతుంది.

టోపీ, కళ్ళద్దాలు, తల లైటు: పెట్టుకుంటాం.
చొక్కా, ప్యాంటు, జాకెట్, బూట్లు: వేసుకుంటాం, తొడుక్కుంటాం.
చీర, పంచె, వాచీ: కట్టుకుంటాం.
సన్‌స్క్రీన్: రాసుకుంటాం.
దుప్పటి: కప్పుకుంటాం.
సంచి: వీపుకి తగిలించుకుంటాం.

'కొండెక్కడం' అనే మాటకి ఇంకో రెండు అర్థాలు ఉన్నాయి. "దీపం కొండెక్కింది" అంటే ఆరిపోయింది అని. దీపం ఆరిపోయింది అనడం అశుభం అని పెద్దవాళ్ళు అలా అంటారు. "ధరలు కొండెక్కాయి" అంటే బాగా పెరిగాయి అని. 'దూరపు కొండలు నునుపు' అనే సామెత మీరు వినే ఉంటారు. దూరం నుంచి చూస్తే ఏ పనైనా సులువుగానే కనిపిస్తుంది, దగ్గరికి వెళ్తేనే రాళ్ళు తెలుస్తాయి అని అర్థం.

మీరే చేయండి

1. ఖాళీలు పూరించండి. (అ) అమ్మ ముఖానికి సన్‌స్క్రీన్ ______. (ఆ) తాతయ్య తలకి ఉన్ని టోపీ ______. (ఇ) నేను కొత్త బూట్లు ______. (ఈ) చలి వేస్తే మెరుపు దుప్పటి ______.

2. ఈ మూడు ప్రయాణాల్లో ఒకటి ఎంచుకుని, పది అవసరాల్లో మీకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన నాలుగు చెప్పండి. ఎందుకో ఒక్కో వాక్యం రాయండి. (అ) జూన్‌లో పారడైజ్, నానమ్మతో. (ఆ) జూలైలో గ్రాండ్ కాన్యన్, నాన్నతో. (ఇ) అక్టోబర్ సాయంత్రం మీ ఊరి దగ్గర చిన్న ట్రైల్, స్నేహితులతో.

3. సంభాషణ రాయండి. తాతయ్య: "ఏరా కన్నా, గంట నడకకి ఇంత సంచి ఎందుకురా? నేను అలిపిరి మెట్లు వట్టి చేతులతో ఎక్కాను." మీరు 'మీరు', 'అండి' వాడుతూ కనీసం నాలుగు వాక్యాల్లో జవాబు చెప్పండి. అలిపిరి దారికీ ఇక్కడి ట్రైల్‌కీ ఉన్న తేడా అందులో రావాలి.

4. ఇంట్లో చేసే పని. మీ సంచిలో ఐదు సొంత వస్తువులు సర్దండి. స్నానాల గదిలో ఉండే తూకం మీద పెట్టి బరువు చూడండి. మీ బరువులో పదో వంతుకన్నా ఎక్కువ ఉంటే, ఏది తీసేస్తారో, ఏది అస్సలు తీయరో అమ్మకో నాన్నకో తెలుగులో వివరించండి.